మాల్ గిరిసోల దాటుతుందా అని అడగని అకౌంటెంటు

సంపాదకులు గారికి నమస్కారం.

సొంతంగా వ్యాపారం పెట్టుకునే ఆడవాళ్ల కోసం మీ పేపర్లో వచ్చే వ్యాసాలు మా ఇంట్లో అందరం చదువుతాం. లోను ఎక్కడ ఇస్తారు, ప్యాకింగ్ ఎలా చేయాలి, ఫోన్లో ఎలా అమ్ముకోవాలి, అన్నీ రాస్తున్నారు, బాగానే ఉంది. లెక్కలు చూసే మనిషిని ఎలా ఎంచుకోవాలో మాత్రం ఒక్కరూ రాయరు. చివర్లో "మంచి ఆడిటర్‌ను సంప్రదించండి" అని ఒక ముక్క పడేసి ఊరుకుంటారు. ఆ మంచి ఆడిటర్ ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, 61 వేల రూపాయలు పోయాయి, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, లాగిన్ గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పిల్లల బడిలో ఇంగ్లీషు. నేనూ మా తోడికోడలూ కలిసి 2022 ఉగాదికి అప్పడాలు, పచ్చళ్లు మొదలుపెట్టాం. బరంపురం అప్పడానికీ పచ్చడికీ ఉన్న పేరు మీకు నేను చెప్పక్కర్లేదు, అమ్ముడుపోతాయా అన్న బెంగ ఎప్పుడూ లేదు. ఊళ్లో నాలుగు కొట్లు, ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడాది చేతినిండా పని, మిగతా సరుకు ఇచ్ఛాపురం, సోంపేట. మా చుట్టాలు అటే, పెళ్లి సంబంధాలు అటే, కాబట్టి సరుకు కూడా అటే పోవడం మాకు వింతగా ఏమీ అనిపించలేదు. బస్సెక్కితే గంటలోపు ఇచ్ఛాపురం. మధ్యలో గిరిసోల, ఒడిశా-ఆంధ్రా సరిహద్దు. ఒకప్పుడు అక్కడ సేల్స్ టాక్స్ గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి, 2017 జూలైలో జీఎస్టీ వచ్చేసరికి ఆ తనిఖీలు పోయాయి. దేశమంతా ఒకటే పన్ను అన్నారు, మేమూ ఇంక సరిహద్దే లేదనుకున్నాం.

లెక్కలు చూడటానికి మొదట పెట్టుకున్న అబ్బాయి మా ఆడపడుచు వాళ్లకు తెలిసినవాడు, తెలుగువాడు. నిజం చెప్పాలంటే మేం చూసుకున్న అర్హతలు ఆ రెండే. నెలకు 500 అన్నాడు. "మీకెందుకక్కా ఈ టెన్షన్, మీరు పచ్చడి పెట్టుకోండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ మాట విని మేమిద్దరం ఎంత మురిసిపోయామో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు గవర్నమెంటు చలానా అని 3,500, చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు 1,500 తీసుకున్నాడు. ఈ రెండింటికీ గవర్నమెంటు పైసా తీసుకోదు. తన కష్టానికి ఫీజు అని అడిగితే సంతోషంగా ఇచ్చేవాళ్లం, పని తెలిసినవాడు ఊరికే ఎందుకు చేస్తాడు? చలానా అన్నాడు చూడండి, అక్కడే అనుమానం రావాలి. రాలేదు.

తర్వాత మమ్మల్ని కాంపోజిషన్ స్కీములో పెట్టాడు. చిన్న వ్యాపారానికి అదే మంచిది, రిటర్నులు తక్కువ, పన్ను 1 శాతమే అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, ఊళ్లోనే అమ్ముకునేవాళ్లకు చాలామందికి అది సరిపోతుంది కూడా. కాకపోతే కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. మా సరుకు ఎక్కడికి పోతుందో అతను అడగలేదు, అడగాల్సిన సంగతని మాకు తెలియదు.

రెండేళ్లు అలాగే నడిచింది. 2024లో ఇచ్ఛాపురంలో కొత్తగా ఒక పెద్ద కొట్టుకు సరుకు వేశాం. ఆ షావుకారు గారు పెద్దాయన, బిల్లు తీసుకుని, కళ్లజోడు పైకి తోసి, బాల్ పెన్నుతో మా జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెల కింద గీత గీశారు. "అమ్మా, ఇది 21, అంటే ఒడిశా. నాది 37, ఆంధ్రా." తర్వాత పెన్ను బిల్లు పైన సన్నక్షరాల మీదికి పోయింది. కాంపోజిషన్ టాక్సబుల్ పర్సన్, నాట్ ఎలిజిబుల్ టు కలెక్ట్ టాక్స్ ఆన్ సప్లైస్. అంటే మేం కాంపోజిషన్‌లో ఉన్నాం, కొన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు అని. ఆ లైను మా బిల్లు బుక్కు మీద మొదటి రోజు నుంచీ ఉంది, అచ్చు వేయించింది నేనే, మిఠాయి పెట్టె మీద బొమ్మలాగా అదీ ఒక అలంకారం అనుకున్నాను. "ఈ బిల్లుతో నాకు ఇన్‌పుట్ రాదు, అంటే కొన్న సరుకు మీద పన్ను వెనక్కి తీసుకోలేను, అది నా బాధ. అసలు మీరు నాకు అమ్మనేకూడదు, అది మీ బాధ" అన్నారాయన. సరుకు మాత్రం దించుకున్నారు, డబ్బు ఇచ్చారు, టీ కూడా ఇప్పించారు. ఆ టీ నా గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే మా వాడు "ఏం కాదక్కా, అటుపక్క సరుకు బిల్లు లేకుండా పంపేయండి" అన్నాడు. సమస్య కంటే ఆ సలహాకే ఎక్కువ భయం వేసింది. సరే, అసలు లెక్కలు ఎలా ఉన్నాయో చూద్దాం, లాగిన్ ఇవ్వు అంటే ఇవాళ రేపు అని నెల తిప్పాడు. చివరికి మా మరిది కూర్చుని పాస్‌వర్డ్ మార్చబోతే ఓటీపీ మాకు రాలేదు. రిజిస్ట్రేషన్ రోజున ఫోన్ నంబరు, ఈమెయిల్ రెండూ అతను తనవే ఇచ్చుకున్నాడు. అంటే మా వ్యాపారం పేరు మీద గవర్నమెంటు పంపే ప్రతి నోటీసూ, ప్రతి మెసేజీ అతని ఫోన్లోనే పడింది, ఇల్లు మనది, తాళంచెవి పొరుగువాడి మొలతాడుకు. కాంపోజిషన్‌వాళ్లు ఏడాదికోసారి వేయాల్సిన రిటర్ను, జీఎస్టీఆర్-4, ఒక సంవత్సరం అసలు వేయనే లేదని కూడా అప్పుడే బయటపడింది, దాని లేటు ఫీజు 2,000 వేరే.

ఇలా ఇరుక్కున్నవాళ్లకు దారి ఉంది. పాన్, ఆధార్, షాపు కాగితాలు పట్టుకుని మన రిజిస్ట్రేషన్ ఏ జీఎస్టీ ఆఫీసు కిందకు వస్తుందో అక్కడికి వెళ్లి అర్జీ పెడితే, అధికారి కాగితాలు చూసి మన నంబరు, మన ఈమెయిల్ ఎక్కిస్తారు. మాకు అలాగే అయింది. మొదటి రోజే మన నంబరు ఇస్తే ఆ తిరుగుడే ఉండదు. ఇంకో సంగతి, అకౌంటెంటుకు మన పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు కూడా. అతను జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదైనవాడైతే అతనికి సొంత లాగిన్ ఉంటుంది, మన లాగిన్‌లోంచి అతన్ని పెట్టుకోవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. పాస్‌వర్డ్ లేకుండా పని కాదు అనేవాణ్ణి ఎందుకు కాదో ఒకసారి అడగండి.

ఆ తర్వాత ముగ్గురి దగ్గరికి వెళ్లాం. ఒకాయన ఏసీ ఆఫీసు, మేం కుర్చీలో కూర్చోకముందే పాన్ కార్డు ఫొటో తీసుకున్నాడు. రెండో ఆయన టర్నోవర్ ఎంత అని అడిగి, చెప్పగానే మామీద ఆసక్తి పోయినట్టు మొహం పెట్టాడు. మూడో ఆయన గిరి రోడ్డులో చిన్న గది, టాక్స్ వకీలు, ఒడియా ఆయన. వచ్చీరాని తెలుగులో మొదటి ప్రశ్న, "మాల్ గిరిసోల దాటుతుందా?" అంటే సరుకు సరిహద్దు దాటుతుందా అని. రెండో ప్రశ్న, "అప్పడం ఎంత, పచ్చడి ఎంత?" మా తోడికోడలు నా చెయ్యి గట్టిగా నొక్కింది. మనవాడు కావాలి, మన భాషవాడు కావాలి అని వెతికిన మేం చివరికి ఆయన దగ్గర ఆగాం. భాష తెలిసినవాడు దొరికితే మంచిదే, నోటీసులు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి విడమరిచి చెప్పేవాడు ఉండాలి. పని తెలిసినవాడు దొరకడం అంతకంటే ముందు.

ఆ రెండో ప్రశ్న ఎందుకో ఆయన చెప్పేదాకా మాకు తట్టలేదు. అప్పడం మీద జీఎస్టీ లేదు. పచ్చడి మీద అప్పట్లో 12 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం అయింది. కాంపోజిషన్‌లో ఉన్న తయారీదారు మొత్తం అమ్మకాల మీద 1 శాతం కట్టాలి, అందులో పన్ను లేని అప్పడం అమ్మకాలు కూడా కలుస్తాయి. అంటే పన్నే లేని సరుకుకు మేం రెండేళ్లు పన్ను కట్టాం, అదీ అసలు మాకు వర్తించని స్కీములో! మామూలు పద్ధతిలోకి వస్తే అప్పడానికి పన్ను లేదు, పచ్చడికి కొన్న నూనె, సీసాల మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవచ్చు, రెండింటికీ కలిపి వాడే వాటికి, గది అద్దెలాంటి వాటికి, పచ్చడి వాటా ఎంతో అంతే తీసుకోవాలి. ఈ చివరి ముక్క చాలామంది లెక్కల్లో ఉండదట, తర్వాత నోటీసు వస్తుందట.

ఇంకో మాట కూడా చెప్పాడాయన. సరుకు ఒడిశాలోనే అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షలు దాటేదాకా మీకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. పన్ను ఉన్న సరుకు రాష్ట్రం దాటిందంటే మాత్రం మొదటి సీసాకే కావాలి. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఉండేవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లకు రోజూ వచ్చే బేరమే ఇది. పర్లాకిమిడిలో ఉన్నవాళ్లకు పాతపట్నం పక్కవీధిలాంటిది, అక్కడ చిన్న కొట్టుకు నాలుగు సీసాలు వేసినా అది ఇంకో రాష్ట్రమే.

కాంపోజిషన్ వదిలేస్తున్నామని ఫారం వేసి, మొదటిసారి ఇచ్ఛాపురం బిల్లు రాసిన తేదీ నుంచి పచ్చడి అమ్మకాలన్నిటికీ మామూలు రేటున పన్ను, 18 శాతం వడ్డీ కట్టాం. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయని పన్ను, ఎవర్ని అడుగుతాం? అన్నీ కలిపి 61 వేల చిల్లర. అది మా తోడికోడలి చేతి గాజుల మీద తెచ్చిన డబ్బు, విడిపించేసరికి ఎనిమిది నెలలు.

చాలామంది సీఏ అయితేనే భద్రం అంటారు. మాలాంటివాళ్లకు నెలవారీ రిటర్నులకు సీఏయే కావాలని లేదు, అమ్మకాలు కోటి దాటి ఆదాయపు పన్ను ఆడిట్ పడితే అప్పుడు తప్పదు, వచ్చే డబ్బులోనూ ఇచ్చే డబ్బులోనూ నగదు 5 శాతం దాటనివాళ్లకు ఆ హద్దు 10 కోట్లు. మా ఊళ్లో రిటర్నులు వేసే ప్రతివాణ్ణీ ఆడిటర్ గారు అనేస్తాం, అదే చిక్కు. బ్యాంకు లోనుకు సీఏ సర్టిఫికెట్ తెచ్చిచ్చాను అని ఎవరైనా అంటే దాని మీద యూడీఐఎన్, అంటే సీఏ సంతకం చేసే కాగితానికి వచ్చే అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే నంబరు, ఉందో లేదో చూడండి, 2019 నుంచి అది ఉండాలి, ఆన్‌లైన్లో కొట్టి ఆ సంతకం నిజమా కాదా చూసుకోవచ్చు. మావాడు లోనుకని ఇచ్చిన కాగితం మీద గుండ్రటి ముద్ర ఉంది, నంబరు లేదు. బ్యాంకు మేనేజరు దాన్ని వేళ్లతో పట్టుకుని వెనక్కిచ్చిన తీరు ఇంకా కళ్లముందే ఉంది.

రిటర్ను వేశాడా లేదా అని ఫోన్ చేసి అడిగే పని కూడా లేదు. జీఎస్టీ సైటులో లాగిన్ లేకుండానే మన నంబరు కొడితే ఏ నెలది ఎప్పుడు వేశారో వస్తుంది. నేను ఇప్పుడు అప్పడాలు ఎండలో పరిచి, నీడన కూర్చుని ఫోన్లో అదే చూస్తాను. మా వకీలు బాబుకు ఇది తెలుసు, నవ్వుతాడు. నెలకు 1,200 తీసుకుంటాడు, మొదటివాడి కంటే రెట్టింపు పైనే. రిటర్ను వేసిన రోజు కాగితం వాట్సాప్‌లో పంపుతాడు. కొన్న బిల్లులు ఆలస్యంగా ఇస్తే మామీదే కేకలేస్తాడు, మొదటివాడు రెండేళ్లలో ఒక్కసారి కూడా బిల్లులు అడగలేదు.

మీకు ఒక విన్నపం. మీ బిజినెస్ పేజీలో రిటర్నుల ఆఖరి తేదీలు వేస్తుంటారు. పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీని మూడు నెలలకోసారి వేసేవాళ్లకు ఆంధ్రా, తెలంగాణల్లో 22, మా ఒడిశాలో 24. మీ పేపర్ చదివేవాళ్లం గిరిసోలకు ఇవతల కూడా ఉన్నాం, ఆ తేదీ పక్కన మాదీ ఒక లైను వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా