పద్దూ, ఫీజు సంగతి కాదు గానీ

పద్దూ,

చిట్టికి దగ్గు తగ్గిందా? వామాకు వేసి కషాయం కాచి పట్టమన్నాను, పట్టావో లేక మళ్లీ ఆ గులాబీరంగు సిరప్పే పోస్తున్నావో. మొన్న ఫోనులో "మీటింగులో ఉన్నానమ్మా, మళ్లీ చేస్తా" అన్నావు. ఆ మళ్లీ ఇంకా రాలేదు. మెసేజీ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు లేదు. తీరిక లేదేమోలే అని నేనే కూర్చుని రాస్తున్నాను. పెద్ద విశేషమేం లేదు, ఊరికే.

ఇక్కడంతా బాగానే ఉన్నాం. నాన్నగారు పొద్దున్నే బీఆర్‌టీఎస్ రోడ్డు మీదకి నడకకి వెళ్లి, టీ కొట్టు దగ్గర పేపరు మొత్తం చదివేసి వచ్చి, ఆ పేపరంతా మళ్లీ నాకు అప్పజెబుతున్నారు. ఉసిరికాయ పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి పెట్టాను. జానకి పిన్ని ప్రగతినగర్‌లో గృహప్రవేశానికి వచ్చినప్పుడు మీ ఇంటికీ వచ్చిందట కదా. నువ్వు పెట్టిన పులిహోర బాగుందని చెప్పింది. ఇంకా ఏవేవో చెప్పింది. పిన్ని సంగతి తెలిసిందేగా, ఒకటి విని నాలుగు చెబుతుంది, నేను పట్టించుకోలేదు.

చిట్టిని బడి మారుస్తున్నారట. మీ ఎదురు ఫ్లాట్ వాళ్ల పిల్ల చేరిన ఇంటర్నేషనల్ స్కూల్లోనే ఒకటో తరగతికి సీటు ఖాయం చేశారట, అడ్వాన్సు కూడా కట్టేశారట. "అవును, పద్దు నాకు ముందే చెప్పింది" అనేశాను పిన్నితో. కన్నకూతురు నాకు చెప్పలేదని ఎలా అంటాను?

మీ పిల్ల, మీ డబ్బు, అల్లుడుగారూ నువ్వూ చదువుకున్నవాళ్లు. సలహాలు ఇవ్వడానికి రాయడం లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను, ఇప్పుడున్న బడికి ఏమొచ్చింది? మీ సందు చివరే, చెయ్యి పట్టుకుని నడిపించి దింపి రావచ్చు. ఆ తెలుగు టీచరమ్మ ఎంత చక్కగా చెబుతుంది! సంక్రాంతికి వచ్చినప్పుడు చిట్టి నాన్నగారి ఒళ్లో కూర్చుని పద్యం చెబుతూ, మధ్యలో మర్చిపోయి, నేను అందించబోతే నా నోరు మూసి మళ్లీ మొదటి నుంచి అందుకుంది. కొత్త బడేమో ఔటర్ రింగు రోడ్డు దాటాకట, బస్సు ఆరున్నరకల్లా వచ్చేస్తుందట. నిజాంపేట నుంచి బాచుపల్లి రోడ్డెక్కితే సాయంత్రం ఎప్పటికి ఇల్లు చేరతామో దేవుడికే ఎరుక, నేను చూడలేదా? ఏసీ బస్సు అయితే మాత్రం, ఆరేళ్ల పిల్లకి అంతసేపు ఒంటికి వస్తే ఏం చేస్తుంది? పొద్దున్నే పాలు తాగించి ఎక్కించకు, వాంతి చేసుకుంటుంది, నీకూ చిన్నప్పుడు అంతే. ఇడ్లీలో నెయ్యి వేసి పెట్టు.

నాన్నగారిని ఉత్తినే అడిగాను, మీ సంగతి అని చెప్పలేదులే. హెడ్మాస్టరు ఉద్యోగం అయిపోయినా ఆయనకి ఆ చట్టాలు మాత్రం వదల్లేదు. 2009 విద్యాహక్కు చట్టం కింద రాసిన రూల్సులో, ఐదో తరగతి దాకా పిల్లలకి కిలోమీటరు లోపు బడి ఉండాలని ఉందట. ఆ చట్టంలోనే 13వ సెక్షన్ ప్రకారం డొనేషన్లు తీసుకోకూడదు, సీటు ఇవ్వడానికి పిల్లనీ పరీక్షించకూడదు, తల్లిదండ్రుల్నీ పరీక్షించకూడదు. పరీక్షిస్తే మొదటిసారికి 25,000 దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా అన్నారు. మరి మిమ్మల్నిద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి మీ చదువులు, జీతాలు అడిగారట, పిన్ని చెప్పింది. నీ ఎంటెక్ చూసి చిట్టికి ఎక్కాలు నేర్పుతారా? ఏ బోర్డు అయినా తెలంగాణలో తెలుగు చెప్పాల్సిందేనని 2018లోనే చట్టం వచ్చిందట, అక్కడ తెలుగుకి వారానికి ఎన్ని పీరియడ్లో కనుక్కున్నావా? క్లాసులో ఎంతమంది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, ఏటా ఫీజు ఎంత పెంచుతారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. గుర్రపు స్వారీ ఉందా, ఈత కొలను ఉందా అని కాదు. చిట్టి కుక్కపిల్లని చూసే నా కొంగులో దూరుతుంది, దానికి గుర్రం దేనికి?

లెక్చరు అయిపోతోంది. వేరే మాట చెబుతా.

మన వీధిలో బ్యాంకావిడ, పోస్టాఫీసావిడ గుర్తున్నారా? నువ్వప్పుడు మరీ చిన్నదానివి. రైలుకట్ట ఇంకా తీసేయలేదు, గేటు పడితే వీధంతా ఆగిపోయేది. ఇద్దరిదీ ఒకటే గోడ, ఆ గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ వెళ్లేవి. ఇద్దరికీ ఒకే ఈడు మగపిల్లలు. కాన్వెంటులో ఫారాలు ఫలానా రోజు ఇస్తారని బ్యాంకావిడకి ముందే తెలిసింది. ముందురోజు రాత్రి పాల తోడుకోసం పోస్టాఫీసావిడ ఇంటికి వెళ్లి, మునక్కాయల ధర గురించి అరగంట మాట్లాడి వచ్చింది గానీ ఫారాల మాట ఎత్తలేదు. తెల్లవారుజామున రిక్షావాణ్ణి ఇంటిదాకా రావద్దని, సందు మొదట్లో ఉండమంది. అన్నీ బాగానే జరిగాయి గానీ రైలు గేటు పడింది. అవతల పోస్టాఫీసాయన, రైళ్లలో వెళ్లే టపా చూసే ఆర్‌ఎంఎస్‌లో నైట్ డ్యూటీ చేసుకుని సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమ్మా, ఇంత పొద్దున్నే?" అన్నాడట పాపం మర్యాదగా. "గుడికండీ" అంది ఈవిడ. చేతిలో కొబ్బరికాయ లేదు, పిల్లాడి పుట్టినతేదీ కాగితం మాత్రం కవర్లోంచి కనబడుతోంది. ఆయన ఇంటికి వెళ్లి పెళ్లానికి చెప్పడమేమిటి, ఆవిడ తలకి రాసుకున్న ఆముదంతోనే పరుగు. క్యూలో నలుగురి వెనకాల నిలబడి, సిస్టరుగారు బయటికి వచ్చేదాకా బ్యాంకావిడని దులిపి ఆరేసింది. తీరా చూస్తే ఇద్దరు పిల్లలకీ సీటు వచ్చింది, ఒకే సెక్షన్, ఒకే బెంచీ!

ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. మనింట్లో వరలక్ష్మీ వ్రతం అంటే ఒకావిడని నాలుగింటికి, ఇంకొకావిడని ఆరింటికి పిలిచేదాన్ని, గుమ్మంలో ఎదురుపడకుండా. ప్రోగ్రెస్ కార్డులు వచ్చిన రోజున ఎవరి కిటికీలు వాళ్లు మూసుకునేవాళ్లు. పోస్టాఫీసావిడ ఒకసారి శనగలు తీసుకుంటూ నాతో అంది, "మావాడు కరివేపాకు ఒక్కొక్కటే ఏరి పారేసే రకం వదినగారూ, ఇప్పుడేమో టిఫిను డబ్బాలో ఆకు కూడా మిగలడం లేదు, తింటోంది ఎవరో నాకు తెలీదా?" తెలిసీ ఆవిడ ఆ ఏడాదంతా పెద్ద డబ్బా కట్టింది. మాట్లాడేది మాత్రం కాదు. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు గన్నవరంలో ఎరువుల కొట్టు పెట్టాడు, ఇంకొకడు పూణేలో ఉన్నాడు, వాడి పెళ్లిలో వీడే దగ్గరుండి వడ్డించాడు.

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, నువ్వూ ఎదురు ఫ్లాట్ అమ్మాయీ మాట్లాడుకోవడం లేదట. లిఫ్టులో ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారట. వాళ్ల పిల్ల పుట్టినరోజుకి చిట్టిని పిలవలేదనా, అడ్మిషన్ల సంగతి దాచిందనా, ఏమిటి? ఏదైనా కానీ, నాకు ఒక్కటి అర్థం కాలేదు. మాట్లాడని మనిషి పిల్ల చదివే బడికే మన పిల్లని పంపాలా? ఆవిడతో పనిలేదు అనుకుంటే నీకు ఆవిడ బడితో మాత్రం ఏం పని? రేపు చిట్టి ఆ పిల్లతో ఒకే బస్సులో అంత దూరం వెళ్లి రావాలి కదా.

సరే, తెనాలి పెళ్లిలో అడుగుదామనుకుని నలుగురిలో బాగుండదని ఊరుకున్నాను. మెళ్లో నల్లపూసలూ సన్న గొలుసూ వేసుకుని వచ్చావు. కాసులపేరు ఏదే అంటే లాకర్లో ఉందన్నావు. అద్దె పెంచారని ఆ లాకరు నిరుడే వదిలేశానని చెప్పింది నువ్వే. నానమ్మ నీకని దాచి ఇచ్చింది అది. తాకట్టు పెట్టినా నేనేమీ అనను. అమ్మితే మాత్రం అంటాను.

పెట్టి ఉంటే బ్యాంకులోనేనా, ప్రైవేటు వాళ్ల దగ్గరా? కాసులు లెక్కపెట్టి, తూకంతో సహా రసీదులో రాయించుకున్నావా? వడ్డీ నెలనెలా కట్టేదా, చివర్న ఒకేసారా? గడువు దాటితే వేలం నోటీసు పంపిస్తారు, అది అడ్రసు మారిన ఇంటికి వెళితే మనకి తెలియను కూడా తెలీదు. నా పోస్టాఫీసు ఆర్‌డీ జూన్‌లో చేతికి వస్తుంది. దానికి నాకేమీ ఖర్చులు లేవు. అల్లుడుగారితో చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. ఆ అడ్వాన్సు తిరిగి ఇస్తారేమో కూడా ఒకసారి నెమ్మదిగా అడుగు, గట్టిగా అరవకు, నీకు కోపం వస్తే గొంతు వణుకుతుంది.

పచ్చళ్లు బుధవారం బస్సు పార్శిల్లో వేయిస్తున్నాను, అల్లుడుగారిని మియాపూర్‌లో తీసుకోమను. ఉసిరికాయ పెద్ద సీసా మీకు. చిన్న సీసా ఎదురు ఫ్లాట్ వాళ్లకి, నేను పంపానని చిట్టి చేత ఇప్పించు, నువ్వు వెళ్లక్కర్లేదు. నూనె తేలేలా ఉంచు, తడి చెంచా పెట్టకు.

ఆ రసీదు ఫోటో తీసి పంపు. నాన్నగారి ఫోనుకి కాదు, నా ఫోనుకి.

అమ్మ