ప్రతి సీసాకూ నంబరుంది, తిరిగొచ్చే దారే లేదు

సంపాదకుడి గారికి,

మద్యం తయారీ, ప్యాకింగ్ పర్యావరణానికి హాని చేయకుండా జరగాలన్న మాట కొంతకాలంగా పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో తరచుగా కనిపిస్తోంది. సీసాల బరువు తగ్గించామని, బాయిలర్లలో బొగ్గుకు బదులు ఊక వాడుతున్నామని, ఖరీదైన రకాలకు చుట్టే రంగుల అట్టపెట్టెను మానేశామని అవి చెబుతున్నాయి. వీటిని తప్పు పట్టాల్సిన పని లేదు. అయితే మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యాన్ని టోకున కొని దుకాణాలకు అమ్మేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్లే కనుక, సరుకు ఎలాంటి సీసాలో, ఏ షరతు మీద రావాలో చెప్పగల అధికారం మొదట ప్రభుత్వానిదే. ఆ అధికారాన్ని ధర దగ్గర, పన్ను దగ్గర వాడినంత గట్టిగా సీసా దగ్గర వాడటం లేదన్నదే నా ఫిర్యాదు.

మా ప్రాంతంలో కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి సాగు పెరిగింది. సాయంత్రమయ్యేసరికి కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద సీసాలతో కూర్చునేవాళ్లూ పెరిగారు. తాగడం అయ్యాక క్వార్టర్ సీసా పోయేది కాలువలోకి, కాదంటే పక్క మడిలోకి. దమ్ము చేసే ట్రాక్టరు చక్రాల కింద అది పగిలినప్పుడు పల్చటి గోడ ముక్కలైపోతుంది కానీ, మందంగా ఉండే అడుగుభాగం మాత్రం గుండ్రంగా అలాగే మిగిలి, పదునైన అంచులు పైకి చూస్తూ బురదలో కూరుకుంటుంది. నాటు వేసే ఆడవాళ్లు వెనక్కి అడుగులు వేసుకుంటూ పోతారు కాబట్టి మడమ నేరుగా దాని మీదే పడుతుంది. ఆ తర్వాత టీటీ ఇంజక్షనుకు పెట్టిన డబ్బు, పని పోయిన రోజుల కూలి, రెండూ ఆమె నష్టమే. తయారుచేసినవారికీ, అమ్మినవారికీ, తాగినవారికీ ఆ ఖర్చులో పైసా వాటా లేదు.

విచిత్రమేమిటంటే అదే గట్టు మీద పారేసిన బీరు సీసా తెల్లారాక అక్కడ ఉండదు. పాత సామాన్లు ఏరుకునేవారు తీసుకుపోతారు. 650 మిల్లీలీటర్ల బీరు సీసాకు అంతో ఇంతో ధర పలుకుతుంది. అది చేతులు మారుతూ బ్రూవరీకి చేరి, వేడి కాస్టిక్ సోడా నీటిలో కడుక్కుని, వెలుతురు ముందు పగుళ్ల పరీక్ష దాటి మళ్లీ బీరుతో నిండుతుంది. ఇదేదో పర్యావరణం మీద ప్రేమతో పుట్టిన ఏర్పాటు కాదు, కొత్త సీసా కంటే పాతది చవక కావడం వల్ల దశాబ్దాలుగా నడుస్తున్న వ్యాపారం. హైదరాబాద్ కల్లు కాంపౌండ్లలో కూడా కల్లు అమ్మేది ఇలా తిరిగి వాడే సీసాల్లోనే. (లొట్టిలో దించి తాటాకులో పోసిన కల్లుకు ఆ సీసా కూడా అక్కర్లేదు, ఇప్పుడు కల్లుకు పట్టిన పీడ ప్యాకింగ్ కాదు, అందులో కలుపుతున్న మత్తుమందులు. దాని సంగతి వేరే లేఖలో రాయాలి.) గాజును కరిగించే కొలిమికి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సనత్‌నగర్, భువనగిరి ఫ్యాక్టరీల్లో కొత్త సీసాలు తయారయ్యేది అలాంటి కొలుముల్లోనే. ముడిసరుకులో 10 శాతం గాజు పెంకులు కలిపితే కొలిమి ఇంధనం 2 నుంచి 3 శాతం మాత్రమే తగ్గుతుంది. సీసాను పగలనీయకుండా కడిగి వాడితే కొలిమితోనే పని ఉండదు.

క్వార్టర్ సీసాకు ఈ అదృష్టం లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో ఆకారం. కొన్నింటికి గాజులోనే పేరు అచ్చుపోసి ఉంటుంది కనుక ఒకరి సీసా మరొకరికి పనికిరాదు. చవక రకాలు చాలావరకు ప్లాస్టిక్ సీసాల్లో వస్తాయి. అవి ఎంత తేలికంటే ఒక కిలో పోగు చేయడానికే ఏరేవాడి నడుం పడిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ అమ్ముతున్నారు. ధర ఎంత ఉండాలో అంత కచ్చితంగా చెప్పగలిగిన విధానం, ఆ ఖాళీ సీసా ఎక్కడికి పోవాలో కూడా అంతే కచ్చితంగా చెప్పగలదు.

ఈ పని మన రాష్ట్రాలకు ఇతరులకంటే తేలిక అని నేను అనడానికి కారణముంది. మద్యం సీసా మూత మీద హీల్ అని పిలిచే హోలోగ్రామ్ లేబుల్ అంటిస్తారు. దాని మీది కోడ్‌ను చదివితే ఆ సీసా ఏ డిస్టిలరీలో నిండిందో, ఏ డిపో మీదుగా ఏ దుకాణానికి చేరిందో తెలుస్తుంది. సుంకం ఎగవేతను, కల్తీని అరికట్టడానికి తెచ్చిన ఏర్పాటు ఇది. అంటే ప్రభుత్వానికి ప్రతి సీసా పుట్టుక తెలుసు, ప్రయాణం తెలుసు. కౌంటరు దాటిన క్షణం నుంచి మాత్రం దాని ఊసు ఎవరికీ పట్టదు. తెలంగాణలో ఉన్న 2,620 దుకాణాలకు దరఖాస్తు చేసేవారి దగ్గర ఒక్కో దరఖాస్తుకు 3 లక్షల రూపాయలు, అదీ తిరిగివ్వని పద్ధతిలో, వసూలు చేశారు. అంత రుసుము కట్టి లైసెన్సు పొందిన దుకాణదారు ఖాళీ సీసాను వెనక్కి తీసుకోవడం మాత్రం ఆచరణలో ఎక్కడా కనిపించదు.

సాటి దక్షిణాది రాష్ట్రాలు మొదలుపెట్టేశాయి. నీలగిరి అడవుల్లో పగిలిన మద్యం సీసాలు ఏనుగుల కాళ్లను చీల్చేస్తున్నాయన్న విషయం మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన తర్వాత, కోర్టు పట్టుబట్టడంతో తమిళనాడు ప్రభుత్వ సంస్థ టాస్మాక్ 2022 మేలో ఆ జిల్లాలో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇవ్వడం ప్రారంభించింది. సీసాలు భారీగా వెనక్కి రావడంతో ఆ పద్ధతిని క్రమంగా ఇతర జిల్లాలకూ విస్తరించారు. కేరళ 2025 సెప్టెంబరులో తిరువనంతపురం, కన్నూరు జిల్లాల్లోని కొన్ని దుకాణాల్లో ప్లాస్టిక్ సీసాలకు కూడా వర్తించేలా 20 రూపాయల డిపాజిట్‌తో ప్రయోగం మొదలుపెట్టింది. తాగేవాడు పది రూపాయలకు ఆశపడి సీసా తెస్తాడా అని కొందరు వెటకారంగా అడుగుతారు. తాగినవాడే తేవాలని ఎవరన్నారు? అతడు పారేస్తే ఏరేవాళ్లు తెస్తారు, గొర్రెలు కాసే పిల్లవాడు తెస్తాడు. బీరు సీసా విషయంలో జరుగుతున్నది అదే కదా.

తమిళనాడులో ఎదురైన ఇబ్బందిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. ప్రతి సీసాకూ స్టిక్కరు అంటించడం, వచ్చిన ఖాళీలను లెక్కబెట్టడం, చాలీచాలని దుకాణంలో వాటిని నిల్వ చేయడం తమ మీద పడిందని అక్కడి సిబ్బంది ఆందోళన చేశారు. వారి మాటలో న్యాయముంది. మన దగ్గర ఆ స్టిక్కరు భారం దుకాణం మీద పడనవసరం లేదు. మూత మీది హోలోగ్రామ్ సీసా విప్పగానే చిరిగిపోతుంది కాబట్టి, అదే నంబరును సీసా ఒంటి మీది లేబుల్‌పై డిస్టిలరీలోనే అచ్చు వేయించాలి. ఖాళీల సేకరణను దుకాణానికి కాకుండా మండలానికో కేంద్రం పెట్టి మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. పల్లెల్లో మద్యం చేతులు మారేది ఎక్కువగా బెల్టు షాపుల్లో. లెక్కప్రకారం లేనే లేని ఆ షాపు సీసాను వెనక్కి తీసుకోదు కనుక, ఎక్కడ కొన్నారని అడగకుండా ఎవరు తెచ్చినా డబ్బు ఇచ్చే పద్ధతి లేకపోతే ఈ పథకం పట్టణాలకే పరిమితమవుతుంది.

ఖాళీలు వెనక్కి రావడంలో మరో లాభమూ ఉంది. అన్నమయ్య జిల్లా ములకలచెరువులో 2025 అక్టోబరులో నకిలీ మద్యం తయారీ కేంద్రం బయటపడినప్పుడు ఖాళీ సీసాలు, మూతలు, లేబుళ్లు గుట్టలుగా దొరికాయి. పేరున్న కంపెనీ ఖాళీ సీసాకు ప్రభుత్వమే కొనుగోలుదారు అయితే నకిలీ ముఠాలకు అది అంత చవకగా చిక్కదు.

సీసాల బెడదకు టెట్రా ప్యాకెట్టే మందు అనేవారున్నారు. కర్ణాటక సరిహద్దు గ్రామాలవారికి 90 మిల్లీలీటర్ల ప్యాకెట్లు కొత్త కాదు. అది పగలదు, కాలు కోయదు, లారీలో బరువు తక్కువ, ఇవన్నీ నిజమే. కానీ అందులో సుమారు 75 శాతం అట్ట, 20 శాతం ప్లాస్టిక్, 5 శాతం అల్యూమినియం రేకు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీసే కర్మాగారాలు దేశంలో కొద్దిగానే ఉన్నాయి. సేకరించే ఏర్పాటు లేకుండా దాన్ని తెస్తే పొలంలో గాజు పెంకు బదులు కాలువ తూములో ప్యాకెట్ల చెత్త మిగులుతుంది. డిపాజిట్ పెట్టదలిస్తే దానికీ పెట్టాలి.

ప్యాకింగ్ కంటికి కనిపిస్తుంది, తయారీలో మిగిలే మురికి అంత తొందరగా కనిపించదు. చక్కెర తీశాక మిల్లులో మిగిలే చిక్కటి పాకం మొలాసిస్. దాని నుంచి ఒక లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ మిగులుతుంది. ముదురు గోధుమరంగులో, బెల్లం మాడిన వాసనతో ఉండే ఆ ద్రవం నీటిలోని ప్రాణవాయువును మురుగునీటి కంటే వంద రెట్లకు పైగా పీల్చేస్తుంది. దాన్ని చుక్క కూడా బయటికి వదలకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి షరతు. పద్ధతులు లేక కాదు. దాన్ని పులియబెట్టి గ్యాస్ తీసి, మిగిలినదాన్ని ఆవిరి పట్టి చిక్కబరిచి, బాయిలర్లో మండించవచ్చు, లేదా చక్కెర మిల్లు మడ్డితో కలిపి ఎరువు చేయవచ్చు. నూకలతో నడిచే డిస్టిలరీ అయితే మిగిలిన పిండిని ఎండబెట్టి దాణాగా అమ్ముకోవచ్చు. అయితే ఈ యంత్రాలు నడపడానికి ఆవిరి ఖర్చు, కరెంటు ఖర్చు బాగా అవుతాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, ఆ తర్వాత నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలకు వ్యతిరేకంగా ఊళ్లు రోడ్డెక్కాయి. ఇథనాల్ ఇంధనం, విస్కీ పానీయం కావచ్చు, రెండింటికీ పులియబెట్టే తొట్టె ఒకటే, మిగిలే మురికీ ఒకటే. డిస్టిలరీల్లో వ్యర్థ జలాలను నిరంతరం కొలిచే ఆన్‌లైన్ మీటర్లు ఉండాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఆ అంకెలు కాలుష్య నియంత్రణ మండలి కంప్యూటర్లకు చేరితే చాలదు. పక్క గ్రామ పంచాయతీ బోర్డు మీదా కనిపించాలి. మీటరు ఆగిపోయిన నెల ఆ డిస్టిలరీ సరుకు కొనబోమని కార్పొరేషన్ ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చితే చాలు, ఆవిరి ఖర్చు కంపెనీకి భారమనిపించదు.

రాష్ట్రమంతా ఒకేసారి మొదలుపెట్టడం కష్టమైతే నీలగిరిలాంటి చోటు మా జిల్లాలోనే ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండానే సాగుతుంది. ఈ దారికి ఇరువైపులా ఉన్న దుకాణాల్లో సీసాకు 20 రూపాయల డిపాజిట్ పెట్టి, మన్ననూరులోనూ దోమలపెంటలోనూ ఖాళీలు తీసుకునే కేంద్రాలు తెరిచి, వాటిని స్థానిక చెంచు మహిళా సంఘాలకు అప్పగించాలని తెలంగాణ ఎక్సైజ్, అటవీ శాఖల మంత్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎవరూ తిరిగి తీసుకోని డిపాజిట్ సొమ్మును ఖజానాలో కలపకుండా ఆ కేంద్రాల నిర్వహణకే ఖర్చు చేయాలి, ఏ నెల ఎన్ని సీసాలు అమ్ముడై ఎన్ని తిరిగొచ్చాయో జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నాగర్‌కర్నూల్ జిల్లా