లైగో-ఇండియాకు 10–20 హెర్ట్జ్ ప్రాణం: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

2020 జనవరి 5న ఒక కృష్ణబిలం, ఒక న్యూట్రాన్ తార కలిసిపోయిన సంకేతం గురుత్వ తరంగాల (స్థల-కాలంలో పుట్టే అలల) రూపంలో అమెరికాలోని లివింగ్‌స్టన్ డిటెక్టరుకు అందింది. ఆ సమయానికి హాన్‌ఫర్డ్‌లోని జోడు డిటెక్టరు ఆగి ఉంది. ఇటలీలోని విర్గో నడుస్తున్నా అక్కడ సంకేతం బాగా బలహీనం. దాంతో వెతకాల్సిన ఆకాశం 7 వేల చదరపు డిగ్రీలు దాటింది, అంటే మొత్తం ఆకాశంలో ఆరో వంతు. పున్నమి చంద్రుడు ఆక్రమించేది 0.2 చదరపు డిగ్రీలే.

2025లో ఆ దత్తాంశాన్నే మళ్లీ విశ్లేషించిన పరిశోధకులు ఆ జంట కోలగా సాగిన కక్ష్యలో తిరిగిందని తేల్చారు. రెండూ దగ్గరయ్యే కొద్దీ తరంగాల పౌనఃపున్యం పెరుగుతుంది; అది 20 హెర్ట్జ్ (సెకనుకు 20 ఊపులు) ఉన్నప్పుడు ఆ కక్ష్య ఉత్కేంద్రత, అంటే కోలతనపు కొలత, దాదాపు 0.14 (పూర్తి గుండ్రానికి ఇది సున్నా). గురుత్వ తరంగాలు వెలువడే కొద్దీ కక్ష్య గుండ్రబడిపోతుంది. చివరి సెకన్ల దాకా కోలతనం మిగిలిందంటే, కిక్కిరిసిన తారాగుచ్ఛంలో ఆ రెండూ ఒకదాని దారిలోకి మరొకటి వచ్చి ఉండాలి, లేదా మూడో నక్షత్రమేదో పక్క నుంచి లాగుతూ ఉండాలి. ఏ గెలాక్సీలో జరిగిందో తెలిస్తే ఈ ప్రశ్న చాలావరకు విడిపోయేది. ఆ చోటే దొరకలేదు.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔండా నాగనాథ్ దగ్గర మీ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించిన గురుత్వ తరంగాల డిటెక్టరు లైగో-ఇండియా ఈ లోటు తీర్చగలదు. లెక్క కష్టమైనదేం కాదు. ఓ మోస్తరు బలమైన సంకేతం వచ్చిన క్షణాన్ని ఒక్కో డిటెక్టరు సుమారు 0.16 మిల్లీసెకన్ల తేడాతో పట్టగలదు. హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌ల మధ్య కాంతి ప్రయాణం 10 మిల్లీసెకన్లు; హింగోలికీ లివింగ్‌స్టన్‌కూ మధ్య దాదాపు 38. రెండు డిటెక్టర్లకు సంకేతం అందిన సమయాల తేడాను బట్టి, అది వచ్చిన దిశ ఆకాశంలో ఒక వలయం మీద ఉంటుందని తేలుతుంది; డిటెక్టర్ల మధ్య దూరం పెరిగిన కొద్దీ ఆ వలయం సన్నబడుతుంది. ఒక్కో డిటెక్టరు 70 శాతం సమయం పనిచేస్తుందనుకుంటే, హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్, విర్గో మూడూ ఒకేసారి నడిచేది 34 శాతం సమయమే. వాటికి లైగో-ఇండియా చేరితే కనీసం మూడు నడిచే సమయం 65 శాతానికి పెరుగుతుంది.

అయితే కోల కక్ష్యల విషయంలో డిటెక్టరు ఉంటేనే సరిపోదు, అది తక్కువ పౌనఃపున్యాలను బాగా వినాలి. ఉత్కేంద్రత పౌనఃపున్యానికి దాదాపు విలోమంగా తగ్గుతుంది: 10 హెర్ట్జ్ దగ్గర ఉన్నది 20కి వచ్చేసరికి సగమైపోతుంది. పైగా గుండ్రటి కక్ష్య ప్రధానంగా కక్ష్యా పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గరే మోగితే, కోల కక్ష్య మూడు రెట్లు, నాలుగు రెట్ల దగ్గర కూడా మోగుతుంది. భారీ జంటల్లో ఈ అదనపు స్వరాలే చోటును మరింత ఇరుకుగా పట్టిస్తాయి. తేలికవాటిలో ఆ లాభం తక్కువ.

డిటెక్టరు అంటే పొడవాటి గొట్టాల్లో అద్దాల మధ్య లేజరు కిరణాన్ని నడిపి, తరంగం వల్ల ఆ దూరంలో వచ్చే మార్పును కొలిచే యంత్రం. అందులో 10–20 హెర్ట్జ్‌ను పాడుచేసేవి మూడు: నేల కంపనం, అద్దాలను నిలకడగా పట్టి ఉంచే కంట్రోల్ లూపుల రొద, చెదిరిన కాంతి. ఈ మూడోదాన్నే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. దారితప్పిన లేజరు కాంతి గొట్టం గోడకో, పరికరానికో తగిలి తిరిగి ప్రధాన కిరణంలో కలుస్తుంది. 1.064 మైక్రాన్ల లేజరుకు ఆ గోడ సెకనుకు 10 మైక్రాన్లు కదిలితే చాలు, దాదాపు 19 హెర్ట్జ్ దగ్గర రొద పుడుతుంది. 40 కిలోల అద్దాన్ని నాలుగంచెల లోలకానికి వేలాడదీసినా ఈ దారిన వచ్చే రొద ఆగదు. లివింగ్‌స్టన్‌లో పక్కనుంచి గూడ్సు రైలు వెళ్లినప్పుడు దత్తాంశంలో ఇదే కనబడింది.

అందుకే మా మొదటి విన్నపం: డిటెక్టరు పూర్తయిందని ప్రకటించడానికి షరతుగా 10–20 హెర్ట్జ్ సున్నితత్వాన్ని రాతపూర్వకంగా పెట్టండి. రెండు న్యూట్రాన్ తారలు ఎంత దూరాన కలిస్తే వినగలమన్న ఒక్క అంకెతో సరిపెట్టకండి. ఆ అంకెను ప్రధానంగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల భాగమే నిర్ణయిస్తుంది. కాంతిని మింగే తెరల ఖర్చును చివర్లో కోసేయనివ్వకండి. గాలి తీసేసి శూన్యం చేశాక గొట్టం మళ్లీ తెరవడం నెలల పని.

రెండోది కేలిబ్రేషన్, అంటే డిటెక్టరు కొలతలను సరిచూడడం. 100 హెర్ట్జ్ దగ్గర దశలో (తరంగం తన ఊపులో ఎక్కడుందన్న కొలతలో) 3 డిగ్రీలు తప్పితే 0.08 మిల్లీసెకన్లు తప్పినట్టే, అంటే పైన చెప్పిన కాలమానపు కచ్చితత్వంలో సగం. అద్దాన్ని తెలిసిన బలంతో నెట్టే ఫోటాన్ కేలిబ్రేటర్లకు విడి భాగాలూ, శాశ్వత సిబ్బందీ మొదటి రోజు నుంచే కావాలి.

మూడోది కంప్యూటింగ్. గుండ్రటి కక్ష్యల నమూనాలతో మాత్రమే వెతికితే కోల సంకేతాలు జారిపోతాయి, లేదా ద్రవ్యరాశులు తప్పుగా తేలతాయి. ఉత్కేంద్రతను కలిపితే పోల్చాల్సిన నమూనాలు ఎన్నో రెట్లవుతాయి. ఆ యంత్రాలకు ప్రత్యేక పద్దు ఇవ్వండి.

చివరిది మీ శాఖ ఒక్కటే చేయలేనిది. క్వారీ పేలుళ్లు, భారీ వాహనాలు, గాలిమరల మీద ఆ ప్రాంతంలో కంపన పరిమితులను మహారాష్ట్ర ప్రభుత్వంతో కలిసి నోటిఫై చేయించండి. హింగోలి మీదుగా వెళ్లే పూర్ణా–అకోలా రైలు మార్గం నాందేడ్ డివిజన్‌ది, దాని జోన్ కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. రైళ్లు ఏ వేళల్లో, ఎంత బరువుతో వెళ్తున్నాయో డిటెక్టరు సిబ్బందికి ముందే తెలిసేలా ఆ జోన్‌తో ఒప్పందం ఇప్పుడే కుదర్చండి.

ఇట్లు,
గురుత్వ తరంగాల దత్తాంశంతో పనిచేసే తెలుగువాళ్లం