నక్కవాగును చూడని సుస్థిరత చదువు

సంపాదకులకు,

అయ్యా,

నగర శివార్లలోని ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ 'వ్యాపారం, సమాజం, ప్రకృతి' అనే అంశం మీద ఏడాది డిప్లొమా ప్రారంభించిందన్న వార్తను పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పెద్ద ఫొటోతో ప్రచురించారు. కోపంలో రాసిన ఉత్తరం మర్నాడు రాసినవాడికే నచ్చదని ఆగాను గానీ, పది రోజులైనా ఆ కోపం తగ్గలేదు. పచ్చని ఆకుల బొమ్మలు ముద్రించిన ఫ్లెక్సీ ముందు కూర్చున్న ప్రతి అతిథి ఎదుటా ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా ఉండటం చిన్న విషయమే కనుక వదిలేద్దాం. విద్యార్థులను క్షేత్ర అధ్యయనం కోసం ఐరోపాకు తీసుకువెళతామన్న ప్రకటనను మాత్రం వదలలేకపోతున్నాను.

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థాలను మోసుకుంటూ మంజీరలో కలిసే నక్కవాగు ఆ ప్రాంగణం నుంచి బస్సులో గంట దూరం. ఇక్కడి మందుల కర్మాగారాల నుంచి ట్యాంకర్లలో వచ్చే వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో, అంటే శుద్ధి అయిన తరువాతి నీటిలోనే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉన్నట్లు 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఈ సంగతి కనిపెట్టినవారు స్వీడన్ శాస్త్రవేత్తలు. మన వాగును చదవడానికి ఐరోపావాళ్లు పూనుకుంటే, సుస్థిరత చదవడానికి మన పిల్లలు ఐరోపాకు విమానమెక్కుతున్నారన్నమాట!

పోనీ, ఇది కొత్తగా బయటపడిన విషయమా అంటే అదీ కాదు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం 2001లో హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి, 2017లో తీర్పుకు వచ్చింది. కేసు మొదలైన ఏడాది నా దగ్గర బీకాం చదివిన కుర్రవాడు, తీర్పు వచ్చేనాటికి తన కూతుర్ని అదే కళాశాలలో చేర్పించాడు. వాగు ఒడ్డున వాళ్లకున్న రెండెకరాల మడిలో వెన్నులు పొడవుగా వేసి, నలిపి చూస్తే అన్నీ తాలు గింజలే. దాహంతో ఒడ్డు దాకా వెళ్లిన గేదె మూతి పెట్టి, బుసకొట్టి వెనక్కి తిరగడం నేను ఆ పొలం గట్టు మీద నిలబడి కళ్లారా చూశాను. వ్యాపారానికీ, సమాజానికీ, ప్రకృతికీ ఉన్న సంబంధం ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం ఏ దేశంలో దొరుకుతుందో ఆ నిర్వాహకులే చెప్పాలి.

ఇందులో నా తప్పూ ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అన్ని డిగ్రీ కోర్సుల్లోనూ తప్పనిసరి చేసిన ఆరు నెలల పర్యావరణ పాఠ్యాంశంలో, దగ్గరలోని ఒక కలుషిత ప్రదేశాన్ని స్వయంగా చూసి నివేదిక రాయాలని స్పష్టంగా ఉండేది. నూరు మార్కుల్లో 25 ఆ క్షేత్రపరిశీలనకే. ఆచరణలో మాత్రం ఆ సబ్జెక్టు ఏ గంట ఖాళీగా ఉన్న అధ్యాపకుడికి ఆ గంట అప్పగించేది అయింది. అలా వాణిజ్యశాస్త్రం చెప్పుకునే నాకూ వచ్చింది. మా పిల్లలు వాగు వంతెన మీదుగానే రోజూ ముక్కు మూసుకుని కళాశాలకు వచ్చేవారు. రికార్డులో మాత్రం గైడులోని గంగానది బొమ్మను చూసి గీసి, నీలం రంగు వేసి తెచ్చేవారు. బస్సుకు డబ్బు లేదని ప్రిన్సిపాల్, సిలబస్ పూర్తి కాలేదని మేము, 'ఇంటర్నల్ మార్కులే కదా సార్' అని పిల్లలు. అందరికీ 20కి తగ్గకుండా మార్కులు వేసి సంతకం చేశాను. ఉచితంగా చెప్పినప్పుడు ఎవరికీ పట్టని ఆ పాఠమే ఇప్పుడు లక్షల ఫీజుతో ఏసీ గదిలోకి వచ్చేసరికి గౌరవప్రదమైపోయింది.

కొత్త కోర్సులో సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత), సుస్థిరత నివేదికల తయారీ ప్రధానాంశాలని వార్తలో రాశారు. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. తాము పనిచేస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద ఏటా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. మంచివే, కాదనను. కానీ బోరు నీళ్లు పనికిరాకుండా పోయిన ఒక ఊళ్లో ఒక కంపెనీ మంచినీటి ప్లాంటు కట్టించి, దాని మీద తన పేరును ఊరి పేరు కంటే పెద్ద అక్షరాలతో రాయించుకోవడం నేను చూశాను. ఆ 2 శాతం ఎలా ఖర్చయిందో నివేదికలో ముచ్చటగా కనబడుతుంది; మిగిలిన 98 శాతం ఎలా సంపాదించారో అడగడం ఈ డిప్లొమాలో నేర్పుతారా? ఆ ప్రశ్న అడిగిన విద్యార్థికి ప్రాంగణ నియామకాల్లో ఉద్యోగం ఇస్తారా? కాలుష్య నియంత్రణ మండలి అధికారులనూ పాఠాలకు పిలుస్తారట. రాత్రిపూట వాగు రంగు ఎందుకు మారుతుందో, ఫోన్ చేస్తే తెల్లారి ఎండెక్కాక నమూనాలకు ఎందుకు వస్తారో వారైనా చెబితే సంతోషిస్తాం.

ఐరోపా ప్రయాణాన్ని మానుకొమ్మని నేను అనడం లేదు. దానికి ముందు ఒక్క పూట ఆ విద్యార్థులను నక్కవాగు వంతెన దగ్గర దింపి, రెండు ఒడ్ల రైతులతో మాట్లాడించి, ఆ నీటిని వారి చేతే సీసాల్లో పట్టించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వానాకాలంలో వద్దు, వరదకు వాసన పలచబడుతుంది. మార్చిలో రమ్మనండి, దారి చూపించడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
సంగారెడ్డి