మా మేనకోడలి ఆపరేషన్‌కు తోడు నిలిచిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి వెన్నెముక చివర పుట్టుకతో వచ్చిన గడ్డను ఆపరేషన్ చేసి తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలింది. పాప ఇప్పుడు పాలు బాగా తాగుతోంది, మొన్ననే బోర్లా పడింది, మా అమ్మ వాడంతా బొబ్బట్లు పంచింది. ఫోన్ చేసి అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి కాన్పు కదా, అక్క పరకాల దగ్గర మా ఊరికి వచ్చి ఉంది. అందరికంటే ముందు దండం పెట్టాల్సింది మా ఊరి ఆశా అక్కకు. అయిదో నెలలో చేయించాల్సిన టిఫా స్కాన్ (కడుపులోని బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) తేదీని మాకంటే ఎక్కువగా గుర్తు పెట్టుకుని, ఆటో మాట్లాడి, వెంట ఉండి హనుమకొండ తీసుకెళ్లింది. గడ్డ ఉన్న సంగతి ఆ స్కాన్‌లోనే బయటపడింది. స్కాన్ చేసిన మేడం గబగబా రిపోర్టు చేతిలో పెట్టి పంపలేదు. చీటీ వెనక పెన్నుతో బొమ్మ గీసి, ఇది వెన్నెముక, ఇది తోక ఎముక, గడ్డ ఇక్కడ మొదలై కొంత బయటికి, కొంత కడుపు లోపలికి పెరిగింది అని చూపించారు. దాని పేరు సాక్రోకాక్సీజియల్ టెరటోమా. 35 నుంచి 40 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుందట, మగపిల్లల కంటే ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువట. గడ్డ పెద్దది కాబట్టి మామూలు కాన్పులో చిట్లి రక్తం పోయే ప్రమాదం ఉంది, సిజేరియనే మంచిది, అదీ పిల్లల సర్జన్ ఉన్న చోటే జరగాలి అని గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి గడ్డ సైజు, ఉమ్మనీరు, పాప గుండె చూడటానికి మళ్లీ మళ్లీ స్కాన్లు చేశారు. గడ్డ రక్తాన్ని ఎక్కువగా లాగేస్తే కడుపులోని బిడ్డ గుండె మీద భారం పడుతుందట.

ఈలోపు బంధువులు కొందరు గ్రహణం నాడు బయట తిరిగిందేమో అని మొదలుపెట్టారు. అక్క ఆ మాటకు కుమిలిపోయింది. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో పిల్లల సర్జన్ సారు అక్కను కూర్చోబెట్టి చెప్పిన మాట నేను ఎన్నటికీ మర్చిపోను: "అమ్మా, నువ్వు తిన్నదాని వల్ల కాదు, తిరిగినందుకు కాదు. పిండం తయారయ్యే తొలి వారాల్లో ఏ భాగంగానైనా మారగల కణాలు కొన్ని తోక ఎముక దగ్గర మిగిలిపోతాయి, అవే ఇలా పెరుగుతాయి. ఇందులో నీ తప్పు ఏమీ లేదు." అందుకే ఈ గడ్డల్లో వెంట్రుకలు, కొవ్వు, మృదులాస్థి లాంటివి కనిపిస్తాయట. సారూ, మీరు పాపకు చేసిన ఆపరేషన్ ఎంత గొప్పదో, ఆ రోజు మా అక్కకు చెప్పిన ధైర్యం అంత గొప్పది.

తోక ఎముక కూడా తీసేయాలి అన్నప్పుడు మా బాపుకు కాళ్లు చేతులు ఆడలేదు. పిల్ల రేపు కూర్చుంటుందా, నడుస్తుందా అని ఒకటే టెన్షన్. సారు విసుక్కోకుండా జవాబు చెప్పారు. ఆ చిన్న ఎముక లేకపోయినా పిల్లలు కూర్చుంటారు, నడుస్తారు. దాన్ని వదిలేస్తేనే గడ్డ తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే పిల్లల సర్జన్, ఆయన తోటి డాక్టర్లు ఈ సంగతి 1951లోనే రాశారట. ఆ మాట విన్నాకే బాపు సంతకం పెట్టమని బావకు చెప్పాడు.

రక్తం ఇచ్చిన తమ్ముళ్లకు ఏం చెప్పినా తక్కువే. పుట్టిన పిల్లల ఒంట్లో కిలో బరువుకు దాదాపు 80 మిల్లీలీటర్ల రక్తమే ఉంటుంది. అంటే మూడు కిలోల పాపకు మొత్తం కలిపి పావు లీటరు! కొంచెం పోయినా తట్టుకోలేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టగానే మా పరకాల పిల్లలు, కాజీపేటలో ఉండే స్నేహితులు రైలెక్కి వచ్చారు. వాళ్లలో సగం మంది అక్కను ఎప్పుడూ చూడని వాళ్లు.

ఆపరేషన్ తర్వాత పాపను బోర్లా పడుకోబెట్టే ఉంచారు. కుట్లు పెంకుటింటి కప్పులా రెండు వైపులకు వాలి ఉంటాయి, మలం తగిలితే చీము పడుతుంది. నైట్ డ్యూటీ సిస్టర్ ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో ఎలా తుడవాలో, దూది ఎటు నుంచి ఎటు తీయాలో అక్క చెయ్యి పట్టుకుని నేర్పించింది. పాప మొదటిసారి విరేచనం చేసినప్పుడు మా కంటే ఆమే ఎక్కువ సంబరపడింది. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం మేము తిరగకుండా చూసుకున్న ఆరోగ్యమిత్ర అన్నకు కూడా థాంక్స్.

తర్వాత ఏఎఫ్‌పీ రక్త పరీక్ష రిపోర్టు వచ్చింది. ఇలాంటి గడ్డల జాడ కోసం రక్తంలో చూసే ఒక ప్రోటీన్ అది. వేలల్లో అంకె, పక్కన "ఎక్కువ" అని గుర్తు. ఇంటిల్లిపాదీ ఏడ్చాం. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్ పరుగున వచ్చి, పుట్టిన పిల్లలందరిలోనూ ఇది వేలల్లోనే ఉంటుంది, ఏడాది వచ్చేసరికి పెద్దవాళ్ల స్థాయికి, అంటే పది లోపుకు దిగుతుంది, ల్యాబ్ వాళ్లు రిపోర్టులో వేసింది పెద్దవాళ్ల లెక్క అని చెప్పింది. ఒక్క అంకె కాదు, నెల నెలకూ తగ్గుతోందా లేదా అన్నదే చూడాలట. తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగితే గడ్డ తిరిగి వస్తోందేమో అని వెతుకుతారు. ఆ రాత్రి ఆ అమ్మాయి చెప్పకపోయి ఉంటే మేము ఏమైపోయేవాళ్లమో.

చెకప్‌లు కనీసం మూడేళ్లు ఉంటాయి. మలబద్ధకం వస్తోందా, మూత్రం ధారగా వస్తోందా అన్నది కూడా గమనించమన్నారు, ఎందుకంటే ఆ నరాలు అక్కడి నుంచే వెళ్తాయి. ఇప్పటికైతే రెండూ బాగానే ఉన్నాయి.

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు ఎవరి బిడ్డకైనా పిరుదుల మధ్య వాపు కనిపిస్తే, ఆడపిల్ల కదా అని దాచకండి, పసరు కట్టకండి. పుట్టినప్పుడు ఇవి చాలావరకు క్యాన్సర్ కానివే, రెండు నెలలు దాటుతున్న కొద్దీ మారే ప్రమాదం పెరుగుతుంది. నాకు మెసేజ్ పెట్టండి. హైదరాబాద్‌లో ఎవరిని కలవాలో చెప్తాను, తోడు ఎవరూ లేకపోతే నేనే వస్తాను. నాది ఓ పాజిటివ్, రక్తం కావాలన్నా అడగండి.