ఆ బుధవారం పీరియడ్ మా పిల్లలకు ఇప్పించండి

పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. విలువల విద్య పీరియడ్‌లో పిల్లలకు చిన్న సినిమాలు చూపించి మాట్లాడించనివ్వమని ఇప్పటికి నాలుగు దరఖాస్తులు పెట్టాను. నాలుగింటి మీదా ఇన్‌వార్డు ముద్ర పడింది, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. అన్యథా భావించకండి.

విలువల విద్య, జీవన నైపుణ్యాల పీరియడ్ మా బడిలో బుధవారం చివరిది. గ్రేడులు రిజిస్టర్లో ఎక్కుతాయి, పాఠం జరగదు. దసరా దాకా సిలబస్ వెనకబడిందని లెక్కలకు పోతుంది. సంక్రాంతి దాటాక పదో తరగతి స్పెషల్ క్లాసుల టెన్షన్‌లో మిగతా తరగతులు ఎవరికీ గుర్తుండవు.

నిరుడు నాకు వరుసగా మూడు బుధవారాలు దొరికాయి. పెద్ద తరగతి పిల్లలు మొబైల్‌లో తీసిన ఎనిమిది నిమిషాల లఘు చిత్రం ఎనిమిదో తరగతికి వేశాను. ఒక పిల్లవాడి చెప్పులు దాచి రోజూ ఏడిపిస్తుంటారు. అది చూసిన అమ్మాయి సార్‌కు చెప్దామని వచ్చి స్టాఫ్ రూం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నేనూ అక్కడే ఆపేసి, "నువ్వైతే ఏం చేస్తవ్?" అని అడిగాను.

"చెప్తె రేపటి నుంచి నన్ను ఏడిపిస్తరు సార్" అన్నది ఒక పిల్ల. "చూసి ఊకున్నోళ్లది గూడ తప్పే" అన్నాడు వెనక బెంచీవాడు. గంట కొట్టేదాకా వాదించుకున్నారు. ఏది ఒప్పో నేను చెప్పలేదు. మనం నీతి చెప్పడం మొదలుపెడితే పిల్లలు మాట్లాడటం ఆపేస్తారు.

మూడో బుధవారం, నత్తి ఉన్న పిల్లవాడు ఒకడు లేచాడు. "ఆ పిలగాడు ఇంట్ల ఎందుకు చెప్పలేదో నాకెరుక సార్" అన్నాడు. మధ్యాహ్న భోజనం లైన్లో తన గుడ్డు రెండేళ్లుగా ఎవరో ఒకరు లాక్కుంటున్నారట. పద్యం చదవమంటే లేవని ఆ పిల్లవాడికి చదువు రాదనుకున్నాను నేను. చదివితే వెక్కిరిస్తారని లేవలేదు. నువ్వెలా ఉన్నావని అడిగితే "మంచిగున్న సార్" అనేవాడే, తెర మీది పిల్లవాడి గురించి అడిగితే నోరు విప్పాడు. నాలుగో బుధవారం ఆ పీరియడ్ లెక్కలకు పోయింది.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మేము పిల్లలను కొట్టకూడదంటుంది, మానసికంగా వేధించకూడదంటుంది. మంచిదే. మరి పిల్లలే పిల్లలను వేధిస్తుంటే? గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 రాసి ఉంది. గుడ్డు లాక్కున్నారని ఏ పిల్లవాడు ఫోన్ చేస్తాడండీ? ముగ్గురు విద్యార్థుల్లో దాదాపు ఒకరు నెల రోజుల్లో ఒక్కసారైనా తోటివాళ్ల వేధింపులకు గురయ్యారని యునెస్కో 2019లోనే చెప్పింది. మా క్లాసులో ఆ పిల్లలెవరో నాకు పూర్తిగా తెలియదు. ఈ మాట రాయడానికే బాధగా ఉంది.

ఒక ఆఫీసులో "సినిమాలకు పర్మిషన్ ఏంది సారూ" అన్నారు. నేను డబ్బు అడగలేదు. సినిమా వేసే డిజిటల్ ప్యానెళ్లు బడిలోనే ఉన్నాయి. పిల్లల కోసం సినిమాలు తీయడానికి దేశంలో 1955లోనే ఒక సంస్థ పెట్టారు, అది 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ అయిన ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసింది. 2017లో హైదరాబాద్‌లో 20వ అంతర్జాతీయ బాలల చిత్రోత్సవమే జరిగింది. పిల్లల సినిమాల్లో చిన్నవి ఏరి తెలుగులో ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో వేయించలేరా? అది కుదరకపోతే మా పిల్లలు తీసిన చిత్రాలే చాలు. పదిహేను రోజులకు ఒక్క పీరియడ్ చాలు. దాన్ని లెక్కలకుగానీ స్పెషల్ క్లాసులకుగానీ తీసుకోకూడదని మీరు ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. బుధవారం వస్తే "ఇయ్యాల సిన్మా ఉందా సార్?" అని అడుగుతాడు. జూన్‌లో పదికి వెళ్తాడు, ఇక ఆ పీరియడ్ అతనికి ఉండదు. దయచేసి ఈ ఏడే ఇవ్వండి. ఐదో దరఖాస్తు ఈ లేఖతోపాటు మీకే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు