అన్నిటికీ ‘వదులుకొను’ అనేస్తే ఎలా?

సంపాదకులకు,

పోటీ పరీక్షల కోసం పత్రికల్లో వేసే ఇంగ్లీషు పాఠాల్ని మా కావలిలో ట్యూషన్‌కొచ్చే పిల్లలు కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకుంటారు. వాటిల్లో గివ్ అప్, సరెండర్, వేవ్ (waive), సీడ్ (cede), రిలింక్విష్ అన్నిటికీ ఎదురుగా ‘వదులుకొను’ అని ఒకే ముక్క రాసి ఊరుకుంటున్నారు. ఎవరు వదులుకున్నారు, అది ఎవరికి పోయింది, బదులుగా ఏమన్నా వచ్చిందా అన్నది చెప్పకుండా ఆ మాటలు ఎట్లా వాడతారండీ?

గివ్ అప్ వరకు పర్లేదు, సిగరెట్లు మానేసినా, బస్సులో ముసలావిడకి సీటిచ్చినా, ఇక నావల్ల కాదని చేతులెత్తేసినా అదే మాట. 2015లో గ్యాస్ సబ్సిడీ వద్దనుకునే వాళ్లకోసం కేంద్రం పెట్టిన కార్యక్రమం పేరే ‘గివ్ ఇట్ అప్’.

సరెండర్ అనగానే పిల్లలకి పోలీసులకి లొంగిపోవడమే గుర్తొస్తుంది. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉంటే అడిగి చూడమనండి, సరెండర్ లీవంటే వాడుకోని సెలవు ఇచ్చేసి డబ్బు తీసుకోవడం (ఆ డబ్బు ఎప్పుడు పడుతుందనేది వేరే సంగతి). వేవ్ అలా కాదు, తనకి రావలసిందాన్ని నాకక్కర్లేదనడం. అందుకే రుణమాఫీని వేవర్ అంటారు, కానీ అర్థం ‘వదులుకొను’ అని నేర్చుకున్న పిల్లాడు రైతే అప్పుని వేవ్ చేశాడని రాసుకొస్తున్నాడు!

సీడ్ మరీ విచిత్రం. సినిమా కలెక్షన్లలో నైజాం, సీడెడ్ (రాయలసీమ) అని రోజూ చదివే పిల్లలకి ఆ సీడెడ్ ఇదేనని తెలీదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చిన జిల్లాలవి, మన కంభం వైపు కూడా అందులోదే. నెల్లూరు మాత్రం మరుసటి ఏడు ఆర్కాటు నవాబు చేతుల్లోంచి పోయింది.

అసలు నా బాధ రిలింక్విష్ గురించి. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది కదా, ఇప్పుడు పెళ్లయి వెళ్లిన ఆడపిల్లని పండక్కి పిలిచి, చీర పెట్టి, రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లి ‘ఊరికే ఒక సంతకం పెట్టమ్మా’ అంటున్నారు. ఆ కాగితమే రిలింక్విష్‌మెంట్ డీడ్, మన రైటర్లు విడుదల దస్తావేజు అంటారు. తన భాగం మిగతా భాగస్తులకి ఇచ్చేసినట్టు అది. రిజిస్టరయ్యాక మోసం జరిగిందనో, బలవంతం చేశారనో కోర్టులో రుజువు చేసుకోవాలే గానీ, అన్నా నా వాటా నాకియ్యమంటే కుదరదు. ఇష్టపడి ఇచ్చే ఆడపిల్లలూ ఉన్నారు, కాదనను, తెలిసి ఇస్తే ఎవరికీ పేచీ లేదు.

కాబట్టి ఈసారి పాఠం వేసేటప్పుడు అర్థంతోపాటు ఆ మాట ఏ కాగితంలో కనిపిస్తుందో, సంతకం పెడితే చేతిలోంచి ఏం పోతుందో రెండు వాక్యాలు వేయించండి. చోటు చాలకపోతే పక్కనేసే పదకేళి కొంచెం చిన్నది చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు,
కావలి, నెల్లూరు జిల్లా